చేతులు మారిన పుంజు

రెండో గుద్దుకి తడెయో పన్ను ఊడి అరుగు మీద పడింది.

వైసన్ ఆగలేదు. సొంత అన్నని కాలరు పట్టుకుని పైకి లేపి మళ్ళీ గోడకేసి కొట్టాడు. అరుగుకి నిన్ననే ఎర్ర పాలిష్ రాశారు. నెత్తురు పడినా తెలియడం లేదు.

"పుంజునిచ్చావా? ఆ పిల్ల మేనమామ చేతికే ఇచ్చావా?"

"రెండు చేతులతో ఇచ్చాన్రా," అన్నాడు తడెయో నెత్తురు మింగుతూ. "ఒంటి చేత్తో ఇస్తే బాగోదని..."

"బాగోదా!"

మూడో గుద్దు.

వంటపాక గుమ్మంలో నిలబడి ఎనెలెస్ చూస్తోంది. చేతిలో చెక్క గరిట. గరిట నుంచి వేడి న్సీమా సంకటి ముద్ద జారి పాదం మీద పడింది. చుర్రుమంది. ఆమె కదల్లేదు.

"కొట్టడం తర్వాత, తియా నాన్నా," అంది మొగుడితో. "ముందు ఆ పుంజు ఎవరు కొనిచ్చారో చెప్పించు."

"పార్టీ విప్ గారు!" తడెయో రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "న్యిరొంగో గారే కొనిచ్చారమ్మా. 'దెబ్బలు తిన్న పిల్ల ఇంటికి తీసుకెళ్ళు, తప్పయిందని చెప్పు, మీ దక్షిణాది వాళ్ళు అన్నిటికీ కోళ్ళే ఇచ్చుకుంటారుగా' అన్నారు. తీసుకెళ్ళాను. వాళ్ళ మేనమామ లెస్టర్ అరుగు మీదే ఉన్నాడు. ఇచ్చాను. పుచ్చుకున్నాడు. నేనింకా నోరు తెరవనే లేదు, లోపల్నుంచి వాళ్ళ ముసలావిడ బయటికొచ్చింది. నన్ను చూసింది, పుంజుని చూసింది..."

"చూసి?"

"పెళ్ళికేక పెట్టేసింది."

వైసన్ పిడికిలి గాల్లోనే ఆగిపోయింది.

మగవాడి అన్న వచ్చి పిల్ల మేనమామ చేతికి నేరుగా పుంజునిస్తే ఈ తేయాకు కొండల్లో దానికి ఒకటే అర్థం, పెళ్ళి సంబంధం; ఇంటి ఆడమనిషి వేసే పెళ్ళికేక దాన్ని ఊరికి చాటడం. తప్పు కట్టుకోవాలంటే పుంజు ఊరిపెద్ద ఇంటికి పోవాలి, ఆయన గుమ్మంలో కట్టెయ్యాలి. పాలు తాగే పిల్లాడికి కూడా తెలిసిన సంగతి. తడెయోకి తెలీదా? తెలుసు. పైవాడు ఒక మాట చెప్పాక తనకి తెలిసింది మర్చిపోవడం అతనికి చిన్నప్పట్నుంచీ అలవాటు, అంతే.

"అంటే," ఎనెలెస్ నెమ్మదిగా అంది, "నువ్వు సంతలో గుడ్డ ఊడదీయించిన పిల్లకి మీ అన్న నీ పేరు మీద పెళ్ళిపుంజు ఇచ్చొచ్చాడు."

"నేను ఊడదీయించలేదు!"

"సరే."

"వదిలేయండ్రా అన్నాను! వదిలేయండనే అన్నాను!"

"సరే అన్నాగా."

అప్పుడు ఆమెకి నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెలీదు. పంతొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి, పొట్ట పట్టుకుని నవ్వింది. తడెయో కూడా, ఊడిన పన్ను సందులోంచి, భయపడుతూనే కాస్త నవ్వాడు.

వైసన్ నాలుగడుగుల్లో అరుగు దిగొచ్చి ఎనెలెస్ చెంప మీద కొట్టాడు. గరిట ఎగిరి బూడిదలో పడింది.

నవ్వు ఆగింది. పాకలో కుండ ఉడుకుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది.

* * *

పంతొమ్మిది రోజుల క్రితం తేయాకు సంతలో పార్టీ సభ జరిగింది. ఎంపీ వైసన్ ముహోలా కారు బానెట్ మీద నిలబడి మాట్లాడాడు. ఎదురుగా నడుముకి ఊదారంగు చితెంజె గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు ఆడుతున్నారు. డోళ్ళు మోగుతున్నాయి. అప్పుడే ఆ దారిన ఫైనెస్ వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, మండాసీ బూరెలు వేయించి అమ్ముకునే పిల్ల. నడుముకి ఇటుకరంగు గుడ్డ ఉంది. అది అవతలి పార్టీ రంగు.

తర్వాతది దేశమంతా ఫోన్లలో చూసింది. ఎంపీ చెయ్యి చాపుతాడు, నోరు కదుపుతాడు. పార్టీ కుర్రాళ్ళు ఆ పిల్ల మీద పడతారు. గుడ్డ పోతుంది. బూరెల నూనె ఒంటి మీద పడుతుంది. మోచెయ్యి వెనక్కి విరుగుతుంది.

ఎంపీ ఏమన్నాడో మాత్రం వీడియోలో వినపడదు. డోళ్ళ మోత తప్ప ఏమీ వినపడదు.

'వదిలేయండి' అన్నానని వైసన్ అంటున్నాడు. పార్టీలో సగం మంది నమ్ముతున్నారు, లేదా నమ్మినట్టు కనపడుతున్నారు. ఎందుకంటే సభలో వాళ్ళకి ఉన్నది ఒక్క సీటు ఆధిక్యం. వైసన్ దిగిపోతే ఉపఎన్నిక, ఉపఎన్నికలో ఓడితే ప్రభుత్వమే పోతుంది. కానీ సొంత పార్టీ ఎంపీలే ఏడుగురు సంతకాలు చేసి లేఖ విడుదల చేశారు. రాజీనామా చెయ్యి, లేకపోతే శనివారం మధ్యాహ్నం మేమే ఇంటికొచ్చి చేయిస్తాం అని.

ఇవాళ శనివారం.

ఆ కుర్రాళ్ళని పక్కన పెడితే, బానెట్ మీద ఎంపీ అన్న మాట వినపడేంత దగ్గర్లో ఆరోజు ఉన్నది ఒకే ఒక్క మనిషి. మొదటి వరసలో, చెయ్యి చాపితే కారు తగిలేంత దగ్గర్లో ఆడుతున్న మహిళా విభాగం నాయకురాలు.

ఎనెలెస్.

ఏం విన్నావని ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మొగుడు కూడా.

* * *

పది గంటలకి మావయ్య జైలోసి సైకిలు మీద వచ్చాడు. ఎనెలెస్ తల్లికి తమ్ముడు, ఈ పెళ్ళికి పెళ్ళిపెద్ద. ఈ ఇల్లు కట్టిన నేల ఎనెలెస్ తల్లి వంశానిది. వైసన్ ఎంపీ కావచ్చు, ఇటుకలూ రేకులూ అతని జీతంతో వచ్చుండచ్చు. ఈ నేల మీద మాత్రం అతను అల్లుడే.

మావయ్య అరుగెక్కి మేనకోడలి చెంప చూశాడు. తడెయో నోరు చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పొద్దున్నే బాగా పనిచేసినట్టున్నావు, అల్లుడూ."

వైసన్ తల దించుకున్నాడు. సభలో మంత్రుల మీద అరిచే మనిషి, జైలోసి ముందు గొంతు లేవదు.

"లెస్టర్ వాళ్ళ ఊరు మీదుగానే వచ్చా," అన్నాడు మావయ్య. "సగం మంది కత్తులు నూరుతున్నారు. మిగతా సగం 'పుంజు పుచ్చుకున్నాం కదా, ఇప్పుడెలా' అని తిట్టుకుంటున్నారు. ముసలావిడకి చూపానదు పాపం. ఆ పుంజు ఏ ఇంటిదో తెలీక కేక పెట్టింది. ఊరంతా విన్నారు."

"పిల్ల ఏమంటోంది?" ఎనెలెస్ అడిగింది.

"పిల్ల కనపళ్ళేదు."

రెండు పికప్‌లు దుమ్ము లేపుకుంటూ గేట్లోకి వచ్చాయి. వెనకాల ఇరవై మంది కుర్రాళ్ళు, ఊదారంగు చొక్కాలు, చేతుల్లో కర్రలు, కొందరి చేతుల్లో తేయాకు పొదలు నరికే కత్తులు. ముందు సీట్లోంచి విప్ మోర్టన్ న్యిరొంగో దిగాడు. ఉత్తరాది మనిషి. సూటు నలగలేదు.

"ఏంటి, తడెయో మొహం పనసకాయలా ఉందేంటి?"

"మీ కోడి పొడిచింది," అంది ఎనెలెస్.

విప్‌కి అర్థం కాలేదు. మావయ్య విడమరిచి చెప్పాడు. పుంజంటే ఏంటి, చెయ్యంటే ఏంటి, కేకంటే ఏంటి. విప్ మొహంలో రంగు దిగిపోయింది.

"మా వైపు పెళ్ళంటే ఆవులు కదయ్యా! కోడికి ఇంత గొడవుంటుందని నాకేం తెలుసు?"

"ఆవులిచ్చుకునే వాళ్ళకి కోడంటే కూరే," అన్నాడు మావయ్య. "తప్పు మీది కాదు. మోసుకెళ్ళిన గాడిదది."

తడెయో నోరు తుడుచుకున్నాడు.

విప్ అరుగు మీద అటూ ఇటూ నడిచాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి మధ్యలో ఆగాడు. ఎనెలెస్ ఆ మొహాన్ని చూస్తోంది కాబట్టి ఆ క్షణం ఆమెకి కనపడింది. దిగిపోయిన రంగు నెమ్మదిగా పైకెక్కింది, పళ్ళు బయటికొచ్చాయి.

"ఆగండాగండి. పుచ్చుకున్నారంటే... ఒప్పుకున్నట్టేగా?"

మావయ్య కుర్చీలోంచి తలెత్తి చూశాడు.

"ఒప్పుకున్నట్టే! అంటే ఆ పిల్ల మన వైసన్‌కి కాబోయే రెండో భార్య! ఇంక కేసేంటి? ఇంటిగొడవ! ఇంటిగొడవకి ఎంపీలు రాజీనామా చేస్తే సభలో కుర్చీలు తప్ప ఎవరూ మిగలరు!" విప్ పడీపడీ నవ్వాడు. కుర్రాళ్ళు కూడా నవ్వారు, ఎందుకో తెలీకుండానే. "వైసన్, నీ అన్న దేవుడయ్యా! పన్నుకి బంగారు పన్ను కట్టిస్తా!"

వైసన్ నవ్వలేదు. కానీ పంతొమ్మిది రోజుల్లో మొదటిసారి అతని భుజాలు కిందికి దిగాయి. ఎనెలెస్ అదీ చూసింది.

"అంత తేలిక కాదు," మావయ్య అన్నాడు. "రెండో పెళ్ళికి మొదటి ఇల్లు ఒప్పుకోవాలి. నా ముందు, పదిమంది ముందు, నా మేనకోడలు తన నోటితో అవునని చెప్పాలి."

అన్ని తలలూ ఎనెలెస్ వైపు తిరిగాయి.

"ఒక్క మాటేగా, చెల్లెమ్మా," అన్నాడు విప్.

* * *

పడకగదిలో వైసన్ తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చున్నాడు. ఎనెలెస్ కిటికీ దగ్గర నిలబడింది.



"నొప్పిగా ఉందా?" అన్నాడు.

"ఏది?"

"చెంప."

"ఆ పిల్లని అడుగు నొప్పి గురించి."

బయట కుర్రాళ్ళు రేడియో పెట్టారు.

"ఉత్తుత్తి మాటే, ఎనె. ఆ పిల్ల ఈ ఇంటికి రాదు. నేను తాకను కూడా. ఒక్కసారి అవునను, మధ్యాహ్నం గడుస్తుంది. ఏడాది తర్వాత పుంజు వెనక్కిచ్చేస్తారు, అయిపోతుంది."

"దాని పేరేంటి?"

"ఎవరి పేరు?"

"నీ పెళ్ళికూతురి పేరు."

వైసన్ నోరు తెరిచాడు. మూశాడు. పంతొమ్మిది రోజులుగా పేపర్లన్నీ రాస్తున్న పేరు అతనికి గుర్తు రాలేదు.

"ఫైనెస్," అంది. "నేను సంతకెళ్ళినప్పుడల్లా కొసరు బూరె వేసేది. అక్కా అనేది."

"ఎనె, నేను వదిలేయండన్నాను."

ఆమె అతని వైపు తిరిగి చూసింది. అంతే, చూసింది. ఆ చూపుకి వైసన్ లేచి నిలబడ్డాడు.

"నువ్వేం విన్నావు?"

వచ్చింది. పంతొమ్మిది రోజులు పట్టింది ఆ ప్రశ్నకి.

"చెప్పు. ఏం విన్నావు?"

"డోళ్ళు మోగుతున్నాయిగా," అంది.

"ఆఁ. డోళ్ళు మోగుతున్నాయి." అతను దగ్గరికొచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు. "నువ్వు ఆడుతున్నావు. ఆ పిల్ల కింద పడ్డాక కూడా ఆడుతున్నావు. వీడియోలో నీ కాళ్ళు కనపడతాయి, చూసుకున్నావా? నా నోరు కదలడం ఎంత బాగా కనపడుతుందో, నీ కాళ్ళు ఆడటం అంత బాగా కనపడుతుంది. నేను పోతే ఒంటరిగా పోను."

ఎనెలెస్ కిటికీ చువ్వ పట్టుకుంది. కొట్టిన చెంప కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. ఎందుకంటే అది నిజం.

బయట అద్దం పగిలిన చప్పుడు. ఒకటి కాదు, వరసగా.

* * *

ఏడుగురు రావాల్సింది, అయిదుగురే వచ్చారు. రాత్రికి రాత్రి ఇద్దరిని విప్ వెనక్కి లాగేశాడు. ఒకరికి సహాయమంత్రి పదవి, ఇంకొకరికి పాత ఫొటో ఏదో చూపించాడట. మిగిలిన అయిదుగురూ ఒకే మినీబస్సులో వచ్చారు. గేటు దగ్గర కుర్రాళ్ళు ఆపారు. దిగమన్నారు. దిగకపోతే కర్రలు లేచాయి.

అద్దాలన్నీ పోయాయి. డ్రైవర్ చెవి తెగింది. లావుపాటి ఎంపీ ఒకాయన్ని లాగి మొక్కజొన్న తోటలోకి తోశారు, అక్కడ ముగ్గురు కలిసి తన్నారు. మావయ్య సైకిలు పంపుతో వీపులు బాది విడిపించేసరికి ఆయన ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగి, పెదవి వేలాడుతోంది.

అందరికంటే ముందు డోరికా మసెకో లోపలికొచ్చింది. యాభై ఐదేళ్ళ మనిషి, ఒకప్పుడు నర్సు. నుదుటి మీద గాజుపెంకు గుచ్చుకునే ఉంది. ఆమె దాన్ని తనే పీకి, విప్ ముందున్న బల్ల మీద పెట్టింది.

"మీ స్వాగతం అందింది, విప్ గారూ."

"కుర్రాళ్ళు, అమ్మగారూ. ఉడుకు రక్తం."

"రక్తం మాది కదా ఉడుకుతోంది!" వెనక నుంచి అరిచాడు ఫ్రాంక్సన్. అయిదుగురిలో చిన్నవాడు, మొదటిసారి గెలిచిన ఎంపీ.

డోరికా కాగితం తీసి వైసన్ ముందు పెట్టింది. టైపు చేసిన రాజీనామా, మూడే వాక్యాలు. "సంతకం చెయ్యి, తమ్ముడూ. పోలీసులొచ్చే లోపల నువ్వే దిగిపో. నీకూ గౌరవం, పార్టీకీ గౌరవం."

"ఏ పార్టీ?" విప్ కాగితాన్ని వేలితో వెనక్కి నెట్టాడు. "మంగళవారం బడ్జెట్టు ఓటు. ఈయన సంతకం పెడితే బుధవారానికి మనం ప్రతిపక్షం. నీ నియోజకవర్గం ఆసుపత్రికి నిధులు ఎవరిస్తారు, అవతలి వాళ్ళా?"

"ఆసుపత్రి నాకు చెప్తున్నావా? ఆ పిల్ల చెయ్యి కట్టింది నా పాత వార్డులోనే. ఎముక మూడు చోట్ల విరిగింది."

"పెళ్ళి నాటికి అతుక్కుంటుందిలే."

డోరికాకి అర్థం కాలేదు. విప్ తాపీగా, ఒక్కో ముక్కా నంజుకు తిన్నట్టు చెప్పాడు. పుంజు. రెండు చేతులు. ముసలావిడ కేక. కాబోయే భార్య.

మొదట కదిలింది ఫ్రాంక్సన్. పక్కనున్న కుర్చీ ఎత్తాడు. విప్ తల తిప్పే లోపల అది భుజం మీద పడి రెండు ముక్కలైంది.

ఆ తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పడం కష్టం. విప్ మనుషులు కిటికీల్లోంచి లోపలికి దూకారు. గౌరవ సభ్యుడొకరు ఇంకో గౌరవ సభ్యుడి టై పట్టుకుని నేలకేసి లాగాడు. ఫ్రాంక్సన్‌ని గోడకి అదిమి ఇద్దరు కుర్రాళ్ళు కడుపులో గుద్దుతున్నారు, డోరికా వాళ్ళ జుట్టు పట్టుకుని లాగుతోంది. తడెయో బల్ల కిందకి దూరాడు. బిడ్డ తియా స్కూలు ఫొటో నేల మీద పడి, బూటు కింద నలిగింది.

"ఈ ఇల్లెవరిది!"

మావయ్య గొంతు అది. సైకిలు పంపు బల్ల మీద పడేసరికి బల్ల చీలింది.

"నేనడుగుతున్నా, ఈ ఇల్లెవరిది? ఉత్తరాది వాళ్ళదా? పార్టీదా? అల్లుడిదా? నా అక్క నేల మీద, నా మేనకోడలి నట్టింట్లో, ముకుతాడు లేని గొడ్లలా కుమ్ముకుంటారా? కూర్చోండి!"

కూర్చున్నారు. కుర్చీలు లేనివాళ్ళు నేల మీద కూర్చున్నారు. విప్ కూడా భుజం పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు మావయ్య, గొంతు మారింది. "అడగాల్సింది నేనే కాబట్టి అడుగుతున్నా. నీ మొగుడు ఆ పిల్లని తెచ్చుకోవడం నీకిష్టమేనా?"

ఎనెలెస్ గోడకి ఆనుకుని నిలబడింది. అవునంటే కేసు పోతుంది, రాజీనామా పోతుంది, తన కాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరు. కాదంటే వైసన్ తనని లాక్కుని మునుగుతాడు. ఇంకొంచెం టైము కావాలనిపించింది. ఊపిరి తీసుకునేంత టైము.

"పుంజు ఒక్కటే చాలదు కదా, మావయ్యా," అంది. "అటు నుంచి పెట్ట రావాలిగా. పెట్ట రాకుండా నన్నడగడం ఏంటి?"

మావయ్య కళ్ళు మెరిశాయి. "నిజమే. పిల్ల వైపు నుంచి పెట్ట వస్తేనే పూర్తయినట్టు."

టైము దొరికిందనుకుంది ఎనెలెస్. ఒక్క నిమిషం అనుకుంది.

విప్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఒరేయ్! లెస్టర్ ఇంటికెళ్ళండి. కోడిపెట్ట ఒకటి ఇప్పించుకు రండి. ఇవ్వనంటే... ఇచ్చేలా అడగండి."

ఒక పికప్ స్టార్టయింది. కత్తులున్న వాళ్ళే ఎక్కారు.

"ఆగు!" ఎనెలెస్ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. "నేనలా అనలేదు! ఆపండి వాళ్ళని!"

పికప్ గేటు దాటింది. తేయాకు తోటల మధ్య ఎర్ర దుమ్ము పొడుగ్గా లేచింది.

"చెల్లెమ్మే అడిగింది పెట్ట కావాలని," విప్ కర్చీఫుతో మొహం తుడుచుకున్నాడు. "మేం ఆడవాళ్ళ మాట కాదనం."

"ఆ ఇంట్లో ముసలావిడా, ఆ పిల్లా... మీ కుర్రాళ్ళ చేతుల్లో కత్తులున్నాయి, విప్ గారూ!"

"పిల్ల ఆ ఇంట్లో లేదు," అంది డోరికా.

ఆమె గుమ్మం వైపు చూస్తోంది.

అద్దాల్లేని మినీబస్సు వెనక సీటు కింద నుంచి ఎవరో లేస్తున్నారు. ముందు తెల్లటి కట్టు కనపడింది, తర్వాత గుండు చేసిన తల. నూనె పడి కాలిన చోట బొబ్బలింకా పచ్చిగానే ఉన్నాయి. జుట్టు నిండా గాజుపెంకులతో కూర్చున్న డ్రైవరు చెయ్యి అందించాడు. ఫైనెస్ దిగింది. కుర్రాళ్ళ మధ్య నుంచే నడిచి వచ్చింది. వాళ్ళు పక్కకి తప్పుకున్నారు. సంతలో ఆమె మీద చెయ్యి వేసిన వాళ్ళే కొందరు అందులో ఉన్నారు, నేల చూస్తున్నారు.

"నువ్వు బస్సులోనే ఉండమన్నానుగా, తల్లీ," అంది డోరికా.

"మా అమ్మమ్మని కొట్టడానికి వెళ్ళారుగా. ఇంక దాక్కుని ఏం చెయ్యను?"

గుమ్మంలో నిలబడి అందర్నీ చూసింది. వైసన్ దగ్గర కళ్ళు ఆగలేదు. ఎనెలెస్ దగ్గర ఆగాయి.

"మా మావయ్య పుచ్చుకుంది తప్పు కట్టే పుంజనుకుని. నాకు పెళ్ళీ వద్దు, పెట్టా లేదు. అది చెప్పడానికొచ్చాను. ఇంకోటి అడగడానికి కూడా వచ్చా." ఒక అడుగు లోపలికి వేసింది. "అక్కా. నువ్వు ఆ కారు పక్కనే ఉన్నావు. నా వైపు చూశావు. చూసి మళ్ళీ తిరిగి ఆడావు. నీకు వినపడిందా, వినపళ్ళేదా?"



వైసన్ చూపు ఎనెలెస్‌ని గుచ్చుతోంది. 'నీ కాళ్ళు' అంటోంది ఆ చూపు. విప్ చెయ్యి ఫోను మీద ఉంది.

"వినపడింది," అంది ఎనెలెస్.

"ఎనె!"

"'దాని గుడ్డ ఊడదీయండి, అవతలి వాళ్ళకి తెలియాలి' అన్నాడు. ప్రతి అక్షరం వినపడింది. విని ఆడాను. ఆగితే ఏమంటారోనని ఆడాను. పోలీసుల దగ్గర కూడా ఇదే చెప్తా, రెండూ చెప్తా. తను అన్నదీ, నేను ఆడిందీ."

ఫైనెస్ తల కొద్దిగా ఊపింది. క్షమించానని కాదు. విన్నానని.

విప్ కూలబడ్డాడు. అతని ఫోను తీసుకుని డోరికా పికప్‌కి కాల్ చేసింది. "వెనక్కి రండి. విప్ గారి మాటగా చెప్తున్నా. ఇంకొక్క అడుగు ముందుకేస్తే మీ పేర్లన్నీ నా దగ్గరున్నాయి." అవతల ఏదో గొణుగుడు. ఫోను కట్ అయింది. వెనక్కి వస్తున్నారో లేదో తెలీలేదు.

వైసన్ నెమ్మదిగా బల్ల దగ్గరికొచ్చాడు. రాజీనామా కాగితం నేల మీద నుంచి తీసి, బూటు ముద్ర దులిపాడు.

"పెన్ను."

"వైసన్, వద్దు! మంగళవారం దాకా..." విప్ లేచాడు.

"పెన్నివ్వండి."

సంతకం పెట్టాడు. అందంగా, ఎప్పటిలాగే పెద్దక్షరాలతో పెట్టాడు. డోరికా కాగితం తీసుకుని మడిచి జాకెట్టులో దాచుకుంది. పంతొమ్మిది రోజుల పార్టీ చీలిక, రెండు వారాల లేఖలు, ఇవాళ్టి నెత్తురూ అంతా దేనికోసమో, అది నాలుగు సెకన్లలో అయిపోయింది.

"అల్లుడూ," మావయ్య లేచి నిలబడ్డాడు. "పదవి సంగతి వాళ్ళది. ఇంటి సంగతి నాది. పెళ్ళాం మీద చెయ్యెత్తావు. పంపకుండానే పుంజు నీ పేరు మీద వెళ్ళిందని తెలిసి కూడా, దాని చాటున దాక్కోబోయావు. ఈ ఇంటికి ఏం తెచ్చుకున్నావో అది పట్టుకుని వెళ్ళు. అమ్మాయ్, అతని చాప, అతని కత్తి తెచ్చి అరుగు మీద పెట్టు."

వైసన్ తల ఊపాడు. మరీ తేలిగ్గా ఊపాడు.

దూరంగా ఇంజను చప్పుడు వినపడింది. పికప్ వస్తోంది. అందరూ అరుగు మీదికి పరిగెత్తారు, అందులో పెట్ట ఉందా, నెత్తురుందా చూడటానికి. డోరికా ఫైనెస్‌ని వెనక్కి లాగింది. మావయ్య గేటు వైపు దిగాడు.

ఎనెలెస్ పడకగదిలోకి వెళ్ళింది. మంచం కింద నుంచి చాప లాగింది. పదిహేడేళ్ళ క్రితం, ఎంపీ కాకముందు, తేయాకు పొదలు నరికే కుర్రాడు భుజాన వేసుకుని ఈ ఇంటికొచ్చిన చాప. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది.

వెనకాల గడియ పడింది.

తిరిగి చూసింది. వైసన్ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"పొద్దున్నే నా చెయ్యి ఎందుకు ఒక్క దెబ్బతో ఆగిందో తెలుసా?" అన్నాడు, మామూలు గొంతుతో, కూర గురించి అడిగినట్టు. "ఎంపీననే ఆగింది. పేపర్లో పడుతుందని ఆగింది. ఇప్పుడు పేపర్లో పడటానికి ఏం మిగల్లేదు, ఎనె."

బయట మావయ్య గొంతు, "అమ్మాయ్! అమ్మాయ్!" తలుపు మీద పిడికిళ్ళు. తలుపు గట్టిది. వైసన్ జీతంతోనే చేయించిన ముకువా కలప.

అతను వంగి మంచం కింద చెయ్యి పెట్టాడు. కత్తి ఎప్పుడూ ఉండే చోట వెతికాడు. ఇటు జరిపాడు. అటు జరిపాడు. నేల తప్ప ఏమీ తగల్లేదు.

తలెత్తాడు.

ఎనెలెస్ లేచి నిలబడి ఉంది. చుట్టిన చాప గుండెకి హత్తుకుని ఉంది. చాప చివరి మడతలోంచి చెక్క పిడి బయటికొచ్చింది. ఆ పిడి చుట్టూ ఆమె వేళ్ళున్నాయి.